దయారా బుగ్యాల్‌లో నల్లటి గాడులు: అక్కడ పచ్చిక ఎందుకు తిరిగి మొలవడం లేదు?

ప్రశ్న అడిగినవారు: కొండదారి

అందరికీ నమస్కారం. గత సెప్టెంబరు చివరి వారంలో మేము ఏడుగురం హైదరాబాదు నుంచి ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాకు వెళ్ళి, రైథల్ గ్రామం మీదుగా దయారా బుగ్యాల్ ఎక్కి వచ్చాము. చెట్లు పెరగగల ఎత్తు దాటిన తరువాత, ఏడాది పొడవునా మంచు ఉండే శిఖరాలకు దిగువన పరుచుకొని ఉండే పచ్చికబయలును గఢ్వాలీ భాషలో బుగ్యాల్ అంటారు. కాశ్మీరులో దీనికే మర్గ్ అని పేరు. గుల్‌మర్గ్, సోన్‌మర్గ్ అన్న ఊళ్ళ పేర్లలో ఉన్నది ఆ మాటే. దయారా బయలు సుమారు 3,000 మీటర్ల నుంచి 3,600 మీటర్ల ఎత్తు వరకు, దాదాపు 28 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి ఉంది.

దూరం నుంచి చూసినప్పుడు తివాచీ పరిచినట్టే ఉంది గాని, దగ్గరకు వెళ్ళాక నన్ను కలవరపెట్టిన దృశ్యం వేరు. వాలు మీద పక్కపక్కనే అయిదారు బాటలు, ఒక్కొక్కటి మోకాలి లోతున కోసుకుపోయి, అడుగున నల్లటి మట్టి బయటపడి ఉన్నాయి. వాటి అంచుల్లో పచ్చిక, కింద ఆధారం లేక, చూరు కిందికి వంగినట్టు వేలాడుతోంది. కొన్నిచోట్ల ఆ గాళ్ళకు అడ్డంగా కొబ్బరి పీచుతో చుట్టిన పెద్ద దిండ్ల వంటివి పేర్చి, వాలు మీద పీచు వలలు పరిచి, కర్ర మేకులు దిగగొట్టి ఉంచారు.

మా వెంట వచ్చిన మార్గదర్శి ఇదంతా పశువుల వల్ల జరిగిందన్నాడు. దారిలో కలిసిన ఒక పెద్దాయన మాత్రం మా బూట్ల వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు అర్థమేమిటో తెలుసుకోవాలని ఇక్కడ మూడు సందేహాలు అడుగుతున్నాను. ఈ కోతకు అసలు కారణం మేపా, మనుషుల నడకా? రెండడుగుల దూరంలో గడ్డి దట్టంగా ఉండగా, అంత నల్లగా సారవంతంగా కనిపించే గాడిలో ఒక్క పరకైనా ఎందుకు మొలవడం లేదు? ఆ పీచు వలల వల్ల నిజంగా ప్రయోజనం ఉందా, లేక చూపడానికి చేసిన పనా?

*

సమాధానం: నేలగుణం

కొండదారి గారికి నమస్కారం. నేను చాలా ఏళ్ళు విద్యార్థులకు నేలల గురించి పాఠాలు చెప్పి ఈమధ్యే విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్టే.

ముందుగా ఆ నలుపు సంగతి. నల్లమట్టి అనగానే మనకు రేగడి గుర్తుకు వస్తుంది, రేగడి అంటే పంట పండే భూమి అన్న భావన వెంటనే కలుగుతుంది. కాని మన రేగడిలో కుళ్ళిన ఆకు అలము చాలా తక్కువ. దాని బలమంతా అందులోని బంకమన్నులో ఉంది, నలుపును చూసి అందులో సేంద్రియ పదార్థం ఎక్కువని అనుకోవడం మా విద్యార్థులు ఏటా చేసే పొరపాటు. బుగ్యాల్ మట్టి నలుపు దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ ఏడాదిలో అయిదారు నెలలు మంచు కప్పి ఉంటుంది, మిగిలిన నెలల్లోనూ నేల చల్లగానే ఉంటుంది కనుక చచ్చిన వేళ్ళూ ఆకులూ పూర్తిగా కుళ్ళవు. కొన్ని వేల ఏళ్ళుగా అలా సగం కుళ్ళిన పదార్థం పోగుపడి మట్టిని నల్లగా, తేలికగా, స్పంజిలాగా మార్చింది. స్పంజి నీటిని పీల్చుకుంటుంది, నిజమే. కాని దానికి తనంతట తాను నిలబడే గట్టిదనం లేదు. దానిని కొండవాలు మీద పట్టి ఉంచుతున్నది పైనున్న వేళ్ళ అల్లిక మాత్రమే.

ఆ గడ్డి మొక్కల శరీరంలో ఎక్కువ భాగం నేల కిందనే ఉంటుంది. కోబ్రీసియా వంటి తుంగజాతి మొక్కలూ, గుబురుగా పెరిగే డాంథోనియా గడ్డీ తమ వేళ్ళను ఒకదానిలో ఒకటి పెనవేసి గొంగళిలాంటి పొరను తయారు చేస్తాయి. ఆ పొర తెగనంత వరకు దాని మీద కుండపోత వాన కురిసినా మట్టి కదలదు. తెగిన తరువాత కథ మారిపోతుంది.

తెగడం ఎలా జరుగుతుందో చూడండి. తడి నేల మీద వందల మంది ఒకే వరుసలో నడిచినప్పుడు మట్టిలోని సన్నని ఖాళీలు మూసుకుపోతాయి, నీరు ఇంకడం తగ్గుతుంది, ఇంకని నీరు బాట వెంట పారుతుంది. కొండవాలు మీద బాట అంటే కాలువే. ఒక వానాకాలం గడిచేసరికి బాట నాలుగు వేళ్ళ లోతు కుంగి బురదమయమవుతుంది, తరువాత వచ్చినవాళ్ళు బూట్లు పాడవకుండా పక్కనున్న పచ్చిక మీద నడుస్తారు, రెండేళ్ళలో అది మరొక కాలువ అవుతుంది. మీరు చూసిన అయిదారు సమాంతర బాటల పుట్టుక ఇదే. వాటిలో పాత బాట సాధారణంగా అన్నిటికంటే లోతైనదై ఉంటుంది.

ఇక విత్తనం ఎందుకు మొలవదన్న విషయం. శరదృతువులోనూ, మంచు కరిగే వసంతంలోనూ ఆ ఎత్తులో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోతుంది, పగలు పైకి వస్తుంది. గడ్డి కప్పు లేని తడి మట్టిలో రాత్రివేళ నీరు కింది నుంచి పైకి పాకుతూ గడ్డకట్టి, నిలువుగా సూదుల్లాంటి మంచు పలుకులుగా పెరుగుతుంది. ఒక్కొక్క సూది తన నెత్తి మీద మట్టి రేణువులను, చిన్న రాళ్ళను, అప్పుడే వేరు దించిన మొలకను ఎత్తుకొని పైకి లేస్తుంది. ఎండ తగిలి సూది కరిగినప్పుడు ఆ రేణువు నేరుగా తన చోటికి దిగదు, వాలు ఉన్నది కనుక కొద్దిగా కిందికి పడుతుంది. మొలకకు వేరు తెగిపోతుంది, లేదా వేరు గాలిలో తేలి ఎండుతుంది. ఇలా ఒక ఋతువులో పదుల సార్లు జరుగుతుంది. గాడి నల్లగా సారవంతంగా ఉన్నా అందులో మొలక బతకకపోవడానికి ముఖ్య కారణం ఇదే. రెండడుగుల దూరంలో గడ్డి దట్టంగా ఉండటానికి కారణం కూడా ఇదే: అక్కడ పచ్చికే దుప్పటిలా నేలను కప్పి రాత్రి చలిని లోపలికి పోనివ్వదు.

అంచుల్లో వేలాడుతున్న పచ్చిక గురించి మీరు రాసినది చాలా సరైన పరిశీలన. వేళ్ళ పొర గట్టిది, దాని కింది మట్టి మెత్తనిది. నీరూ గాలీ మంచూ కలిసి మెత్తని భాగాన్ని ముందు తినేస్తాయి, ఆధారం పోయిన పచ్చిక పెళ్ళలు పెళ్ళలుగా విరిగి గాడిలో పడుతుంది. అంటే ఒకసారి గాడి ఏర్పడిన తరువాత, అటువైపు ఎవరూ నడవకపోయినా, ఒక్క గొర్రె కూడా రాకపోయినా, అది తనంతట తాను వెడల్పవుతూనే ఉంటుంది. మొదటి సందేహానికి సమాధానం అందుకే అంత సూటిగా చెప్పలేము. గాడిని మొదలుపెట్టినవారు ఒకరు, పెంచుతున్నది మరొకటి కావచ్చు.

*

సమాధానం: మందకాపరి

నేలగుణం గారు నేల సంగతి చెప్పారు, నేను జీవాల సంగతి చెబుతాను. మాది పాలమూరు ప్రాంతంలో గొర్రెల పెంపకం మీద బతికిన కుటుంబం. నాకు ఇప్పుడు పట్నంలో ఉద్యోగం ఉన్నా, ఇంటర్మీడియట్ వరకు సెలవులన్నీ మంద వెనుకే గడిచాయి. పశువుల వల్లనే అంతా జరిగిందన్న మాట విన్నప్పుడు నాకు కొంత బాధ కలుగుతుంది, అందుకే ఈ సమాధానం కాస్త పొడవుగా రాస్తున్నాను, మన్నించండి.

మా దగ్గర కోతలైన తరువాత రైతులు పిలిచి తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు. రాత్రి జీవాలు పడుకున్న చోట పెంట, మూత్రం పడి నేలకు బలం వస్తుంది, దానికి రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు. కాని ఒకే చోట ఎక్కువ రాత్రులు మందను నిలిపితే మేలు కాస్తా కీడవుతుందని మా నాయన ఎప్పుడూ చెప్పేవాడు, రెండు మూడు రాత్రులకు ఒకసారి మంద జరగవలసిందే. జరగని మంద కింద నేల పిండిలా అవుతుంది, ఆ పిండిని గాలి ఎత్తుకుపోతుంది. మేతకు సంబంధించిన విషయమంతా నాకు ఈ ఒక్క మాటలోనే ఉన్నట్టు అనిపిస్తుంది: ఎన్ని జీవాలు అన్నది ఒక ప్రశ్న, ఎంతసేపు ఒకే చోట అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

నాలుగేళ్ళ క్రితం కేదారనాథ్ యాత్రకు పోయినప్పుడు తుంగనాథ్ కూడా ఎక్కాను. గుడికి దిగువన ఒక పాత మంద స్థలం కనిపించింది. దాని చుట్టూ నానా రకాల పూలు ఉన్నాయి, ఆ స్థలంలో మాత్రం వెడల్పాటి ఆకులతో ఒకే రకం మొక్క నడుము ఎత్తున పెరిగి ఉంది. ఆకు తుంచి నోట్లో వేసుకుంటే పులుపు తగిలింది. తరువాత విచారిస్తే అది రూమెక్స్ నేపాలెన్సిస్ అని, మన చుక్కకూరకు దగ్గరి చుట్టమని తెలిసింది. పెంటా మూత్రం ఎక్కువై నత్రజని పేరుకున్న చోట అది ఇతర మొక్కలను అణచివేసి తానే నిండిపోతుంది, జీవాలు దానిని పెద్దగా ముట్టవు కనుక ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. గుడారాలు వేసి మనుషులు విడిది చేసిన స్థలాల్లోనూ ఇదే మొక్క కనిపిస్తుందని అక్కడి కాపరి ఒకాయన చెప్పాడు. కారణం నేను వివరించనక్కర లేదు, మనిషీ అదే పని చేస్తాడు కదా.

మేత విషయానికి వస్తే, గడ్డి పెరిగే మొన నేలకు ఆనుకొని ఉంటుంది, అందువల్ల పైన కొరికినంత మాత్రాన గడ్డి చావదు. గొర్రె కాలికీ, గేదె కాలికీ, ఇనుప నాడా తొడిగిన కంచర గాడిద కాలికీ ఎంతో తేడా ఉంది. బరువు మోస్తూ వాలు మీద దిగే కంచర గాడిద ప్రతి అడుగులోనూ గిట్టతో నేలను తవ్వుతుంది. ఇప్పుడు అక్కడి బాటల మీద నడిచే గాడిదల్లో ఎక్కువ భాగం మోసేది కాపరుల సామాను అనుకోవడం కష్టం. మన గుడారాలు, మన బియ్యం, మన గ్యాసు సిలిండర్లు కూడా వాటి మీదే పోతున్నాయి.

కుమావూఁలో అన్వాల్ కాపరులైనా, హిమాచల్‌లో గద్దీలైనా మంచు కరిగే వరుసను బట్టి మెల్లమెల్లగా పైకి ఎక్కుతూ, తొలి మంచుకు దిగిపోతూ వచ్చారు. నేల ఆరిన తరువాతనే మంద పైకి చేరేది. ఇప్పుడు కీడా జడి కోసం చమోలి, పిథోరాగఢ్ జిల్లాల్లో జనం మే నెలలోనే, మంచు ఇంకా పూర్తిగా కరగకముందే, 3,500 మీటర్లు దాటిన బయళ్ళకు చేరి వారాల తరబడి విడిది చేస్తున్నారు. అది నేలలో ఉండే ఒక చిమ్మట గొంగళిపురుగును పట్టి చంపి, దాని తల నుంచి మొలిచే శిలీంధ్రం. కిలో ధర లక్షల్లో పలుకుతుంది. ఒక్కొక్క దాని కోసం పచ్చికను గుచ్చి తవ్వాలి, వంటకు రోడోడెండ్రాన్, జూనిపర్ పొదలు నరకాలి. నేల అన్నిటికంటే మెత్తగా ఉండే కాలం అది. వాళ్ళను తప్పుపట్టడం లేదు, ఆ రెండు నెలల సంపాదన మీదే ఏడాది గడిచే ఇళ్ళు అక్కడ చాలా ఉన్నాయి. కాని లెక్క వేసేటప్పుడు గొర్రెను ఒక్కదాన్నే బోనులో నిలబెట్టడం న్యాయం అనిపించదు.

*

సమాధానం: డూన్‌వాసి

కొండదారి గారి మూడవ ప్రశ్నకు నేను కొంత సమాధానం చెప్పగలను. ఉద్యోగరీత్యా పదకొండేళ్ళుగా డెహ్రాడూన్‌లో ఉంటున్నాను, దయారాలో మరమ్మతు చేసిన చోటికి రెండుసార్లు వెళ్ళి, ఒకసారి మేకులు కొట్టడంలో నేనూ చెయ్యి కలిపాను. ఆ పని చేపట్టింది ఉత్తరకాశీ అటవీ విభాగం.

మీరు దిండ్లు అని రాసినవి కొబ్బరి పీచు వలలో చిర్ పైన్ ఆకులు కుక్కి చుట్టిన దుంగలు. ఆ సూది ఆకులను అక్కడ పిరుల్ అంటారు. వేసవిలో దిగువ అడవులు తగలబడటానికి ఎండిన పిరుల్ ఒక పెద్ద కారణం. దానిని ఏరి పైకి మోసుకుపోయి గండ్లు పూడ్చడానికి వాడటం అన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కొబ్బరి చెట్టు కంటికి కనబడని ఆ కొండల్లో, కోనసీమ ఇళ్ళ పెరళ్ళలో పోగుపడే పీచు వంటిదే నేలను పట్టి ఉంచుతున్నదంటే మొదటిసారి నాకు నమ్మబుద్ధి కాలేదు. పీచు నీటిని నిలుపుకుంటుంది, కొన్నేళ్ళ పాటు చివికిపోకుండా ఉండి, ఆ తరువాత మట్టిలో కలిసిపోతుంది. ఆ కొన్నేళ్ళలో గడ్డి వేరు పట్టాలి. వల పని అంతవరకే.

సిమెంటు గోడ ఎందుకు కట్టలేదని మా బృందంలో ఒకరు అడిగారు. గోడ వెనుక చేరిన నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బి గోడను పగలగొడుతుంది, పగలకపోతే నీరు గోడ పక్క నుంచి కొత్త దారి వెతుక్కొని మరొక గండిని కోస్తుంది. పీచు దుంగ నీటిని పూర్తిగా ఆపదు, వడకట్టి నెమ్మదిగా వదులుతుంది, మట్టిని మాత్రం వెనుక నిలుపుకుంటుంది.

పనిలో వరుస చాలా ముఖ్యమని అక్కడే తెలుసుకున్నాను. చూడగానే అందరికీ తోచేది గడ్డి విత్తనం చల్లడం. అది చివరి పని. మొదట గండి నెత్తిన నిలబడి నీరు ఎక్కడి నుంచి వచ్చి అందులో దూకుతున్నదో చూడాలి, ఆ నీటిని చిన్న చిన్న పాయలుగా చీల్చి పచ్చిక మీదికి మళ్ళించాలి. ఆ తరువాత పై నుంచి కిందికి దుంగలు అడ్డంగా వేసుకుంటూ రావాలి. ఒక వానాకాలం గడిచి దుంగల వెనుక మేట పడ్డాక, అదే బయలులో పెరిగే మొక్కల దుంపలూ పిలకలూ తెచ్చి నాటాలి. విత్తనం కంటే పిలక మేలు, ఎందుకంటే నేలగుణం గారు చెప్పిన మంచు సూదులు మొలకను పెకలించినంత సులభంగా ముదురు వేళ్ళున్న పిలకను పెకలించలేవు. వాలు మీద పరిచిన వల కూడా కొంతవరకు ఆ సూదులను అణచి ఉంచుతుంది. వెలుపలి నుంచి వేగంగా పెరిగే గడ్డి తెచ్చి వేస్తే ఫొటోలో పచ్చగానే కనిపిస్తుంది, కాని రెండు చలికాలాలు దాటుతుందన్న నమ్మకం లేదు. ఇంత శ్రమ పడితే నేను చూసిన భాగంలో గండి లోతు తగ్గి అంచులు నిలబడ్డాయి. దాని పక్కనే, ఇంకా పని మొదలుపెట్టని పాయ, నా రెండు ప్రయాణాల మధ్య కాలంలో కళ్ళకు తెలిసేలా వెడల్పయింది. కాబట్టి అది చూపడానికి చేసిన పని కాదు. బయలు మొత్తం మీద చూస్తే చాలా చిన్న పని, అంతే.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. ఆలీ, బేదినీ, బగ్జీ బుగ్యాళ్ళ సంరక్షణ కోసం స్థానికులు ఏర్పరచుకున్న సమితి వేసిన వ్యాజ్యంలో ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో తీర్పు చెబుతూ, బుగ్యాళ్ళలో రాత్రి బసను నిషేధించి, వచ్చే యాత్రికుల సంఖ్య 200 మించరాదని, అక్కడ వేసిన శాశ్వత కట్టడాలను తొలగించాలని ఆదేశించింది. వ్యాపారం కోసం మేపడాన్ని నిషేధించి, స్థానిక కాపరులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మందకాపరి గారికి ఈ చివరి మాట ఊరట కలిగిస్తుందనుకుంటాను. ఆ తీర్పు తరువాత, బేదినీ మీదుగా రూప్‌కుండ్ సరస్సుకు పోయే నడక దాదాపు నిలిచిపోయింది. కాని జనం తగ్గలేదు, ఇతర బయళ్ళకు మళ్ళారని నా అభిప్రాయం. బుగ్యాల్‌లో పడవలసిన గుడారం ఇప్పుడు దాని దిగువ అడవి అంచున పడుతోంది. భూర్జ వృక్షాలు మొలిచే ఆ అంచు కూడా బలహీనమైనదే. అదీగాక బేదినీ మీదుగా దాదాపు పన్నెండేళ్ళకు ఒకసారి నందాదేవి రాజజాత్ సాగుతుంది, 2000లో, 2014లో జరిగింది, వేల మంది కాలినడకన వెళ్ళే యాత్ర అది. శ్రద్ధతో నడిచే పాదమైనా నేలకు పాదమే కనుక ఆ రోజుల కోసం విడిగా ఏర్పాట్లు ఉండాలి.

*

సమాధానం: పచ్చనాకు

పెద్దలందరూ చాలా ఓపికగా వివరించారు. నాకు మాత్రం ఒకటే తోస్తున్నది. నందాదేవి శిఖరం చుట్టూ కొండలు మూసి ఉన్న లోపలి ప్రాంతాన్ని 1983లో పర్వతారోహకులకు మూసివేశారు, ఇప్పటికీ లోపలికి పోనివ్వడం లేదు, అక్కడి ప్రకృతి కోలుకున్నదని చదివాను. అదే విధంగా అన్ని బుగ్యాళ్ళకూ పది, పదిహేనేళ్ళు తాళం వేస్తే పీచు వలలూ దుంగలూ ఏమీ అవసరం ఉండవు కదా?

*

సమాధానం: నేలగుణం

పచ్చనాకు గారూ, గండి పడని బయలుకు మీ మాట చాలా వరకు వర్తిస్తుంది. గండి పడిన చోట మాత్రం తాళం వేసినా మంచూ నీరూ ఆగవని పైన రాశాను. మీరు మూసిన పదిహేనేళ్ళలో అవి తమ పని తాము చేసుకుపోతాయి. ఒక సెంటీమీటరు మట్టి తయారు కావడానికే వందేళ్ళకు పైగా పట్టే చోట మోకాలి లోతు గాడిని ప్రకృతికి వదిలివేయడమంటే మన మునిమనుమలకు కూడా అందని కాలానికి వదిలివేయడమే.

మూసివేత వల్ల అనుకోనివి కూడా జరగవచ్చు. చమోలి జిల్లాలోని పూలలోయ ఉదాహరణ చూడండి. 1931లో ఫ్రాంక్ స్మైత్ కంటపడి లోకానికి తెలిసిన ఆ లోయను 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించి, మేపును నిలిపివేశారు. 2005లో దానికి ప్రపంచ వారసత్వ హోదా కూడా వచ్చింది. కాని ఆ తరువాతి ఏళ్ళలో స్థానికులు అమేలా అని పిలిచే పోలిగోనమ్ మొక్క మనిషి ఎత్తున పెరిగి, పొట్టి పూలమొక్కలను కప్పేస్తూ లోయలో వ్యాపించింది. ఏటా సిబ్బందిని పెట్టి దానిని పీకించవలసి వస్తున్నది. మేపు ఆగడం వల్లనే ఇది జరిగిందని కొందరు, జారిపడిన కొండచరియలూ పాత మంద స్థలాలూ దానికి చోటిచ్చాయని మరికొందరు వాదిస్తారు. నేను రెండవ వాదన వైపు కొంచెం మొగ్గుతాను గాని, గొర్రెను వెళ్ళగొట్టినంత మాత్రాన పూలు రక్షించబడవన్నది మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకోవలసిన సంగతి. అన్నట్టు, ఈ అమేలా కూడా మందకాపరి గారి చుక్కకూర కుటుంబానికే చెందినది.

నేరస్థుణ్ణి తొందరపడి నిర్ణయిస్తే ఏమవుతుందో టిబెట్ పీఠభూమి చూపిస్తుంది. అక్కడి కోబ్రీసియా పచ్చిక సుమారు నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంత ఉండదు. యాంగ్జీ, పసుపు నది (హ్వాంగ్‌హో), మెకాంగ్ నదులు పుట్టే సాంజియాంగ్‌యువాన్ ప్రాంతంలో ఆ పచ్చిక పొర చీలి, ఊడి, నల్లని మట్టి మైదానాలు మిగిలాయి. వాటిని చైనీయులు హెయ్‌తుతాన్ అంటారు. అక్కడ బొరియలు చేసుకొని బతికే పికా అనే చిన్న జంతువు, చూడటానికి చెవులు చిన్నవైన కుందేలులా ఉంటుంది, ఈ నల్లని మైదానాల్లో గుంపులు గుంపులుగా కనిపించడంతో నింద దాని మీద పడింది. దశాబ్దాల పాటు విషం పెట్టి దానిని చంపించారు. ఆండ్రూ స్మిత్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు చెప్పినదేమంటే, పికా పొట్టి గడ్డి ఉన్న చోటనే ఉండటానికి ఇష్టపడుతుంది, అంటే చెడిన బయలుకు అది వచ్చి చేరుతుంది. పైగా దాని బొరియల గుండా వాననీరు నేలలోకి ఇంకుతుంది, దాని పాత బొరియల్లో పక్షులు గూళ్ళు పెడతాయి, నక్కల నుంచి ఎలుగుల వరకు దానిని తినే బతుకుతాయి. విషం పెట్టిన చోట్ల ఇంకుడు తగ్గిందని వారు కొలిచి చూపారు. పచ్చిక పొర ఎండి బీటలు వారడానికి చలి, కరువు కూడా కారణాలు కావచ్చని, మేపు ఒక్కటే కారణం కాదని ఆ పీఠభూమి మీద పనిచేసిన ఇతర శాస్త్రజ్ఞులు కూడా చెబుతున్నారు.

*

సమాధానం: డూన్‌వాసి

తాళం గురించి ఒక చిన్న మాట చేరుస్తాను. రైథల్ వాళ్ళు ప్రతి ఏడాదీ ఆగస్టు నడుమ, భాద్రపద సంక్రాంతినాడు, దయారా మీద అందూరీ పండుగ చేసుకుంటారు. వేసవంతా ఆ పచ్చిక మేసిన పశువుల పాలూ వెన్నా మజ్జిగా ప్రకృతికి నివేదించి, ఒకరి ముఖాన ఒకరు వెన్న పూసుకుంటారు. బయటివాళ్ళు దానిని వెన్న హోలీ అంటారు. బయలు వల్ల బతికే ఊరు బయలును గమనిస్తూ ఉంటుంది. కొత్త గండి పడిన సంగతి అటవీ సిబ్బంది కంటే ముందు తెలిసేది వాళ్ళకే. మేకులు కొట్టే రోజున నాకు సుత్తి పట్టుకోవడం నేర్పింది కూడా ఆ ఊరి ముసలాయనే.

*

ప్రశ్న అడిగినవారు: కొండదారి

అందరికీ కృతజ్ఞతలు. ఆ పెద్దాయన నవ్వు ఇప్పుడు అర్థమైంది. మేము ఏడుగురం గాడిలోని బురదను తప్పించుకోవడానికి పచ్చిక అంచు మీద, అదీ పక్కపక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకున్నాము. వచ్చే ఏడాది మా చెల్లెలి కుటుంబం మే నెలలో పోవాలనుకుంటున్నది. వద్దని చెప్పనా, లేక వేరే నెల చెప్పనా?

*

సమాధానం: డూన్‌వాసి

మే నెల వద్దని చెప్పండి, అప్పుడు మంచు కరిగిన నీటితో నేల నానిపోయి ఉంటుంది. జులై, ఆగస్టు కూడా మంచివి కావు. అక్టోబరు రెండవ వారం తరువాత వానలు తగ్గిపోయి నేల గట్టిపడుతుంది. ఆకాశం కూడా తేటగా ఉండి బందర్‌పూంచ్ శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది. గుడారం చెట్ల దిగువన ఇప్పటికే వాడుతున్న చోట వేసుకోవాలి, సామాను వీలైనంత వరకు సొంత వీపు మీదే మోసుకుంటే ఒక కంచర గాడిద తగ్గుతుంది.

బాట బురదగా ఉంటే బురదలోనే నడవమనండి, ఒకరి వెనుక ఒకరుగా. బూట్లు రైథల్‌లో కుళాయి దగ్గర కడుక్కోవచ్చు.

*

సమాధానం: మందకాపరి

మా మంద కూడా అలాగే నడుస్తుంది.